తొంభై సెకన్లు దాటిన మౌనం

నమోదు 1
గోడ కట్టిన నలభై మూడో ఏడు, ఆశ్వయుజం, సోమవారం

ఈ దినచర్య నేను సరదాకి రాయడం లేదు. మనో సేవల చట్టం పద్నాలుగో సెక్షన్ ప్రకారం లైసెన్సున్న ప్రతి సలహాదారూ రోజూ రాయాలి. ముందు పేజీలో గడులున్నాయి: లక్ష్యం, పద్ధతి సంఖ్య, మార్కులు. స్కానరు ముందు పేజీలే చదువుతుంది. వెనక పేజీలన్నీ తెల్లగా వదిలేశారు. కాగితం దండగైతే నాకు ఒళ్లు మంట. అందుకని గడుల్లో పట్టనిదంతా వెనక రాసుకుంటాను. ఏ అధికారి చెయ్యయినా పొరపాటున కాగితం తిరగేస్తే, నాయనా, నమస్కారం. వచ్చావు కదా, కూర్చుని చదువు.

ఇవాళ యంత్రం వచ్చింది. కొబ్బరిచిప్పంత ఉంది. కాగితాల్లో దాని పేరు సేవా ప్రమాణ పరికరం. నా బల్ల మధ్యలో స్క్రూలు పెట్టి బిగించి వెళ్లారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చుని, విన్నదంతా పైకి చేరవేసే మనిషికి మా ఇళ్లలో ఎప్పటినుంచో ఒక పేరుంది. నేనూ దాన్ని ఆడపడుచనే పిలుస్తాను. మాటలు లక్ష్యం వైపు నడుస్తుంటే ఆకుపచ్చ దీపం. పక్కకి పోతే పసుపు. తొంభై సెకన్ల పాటు ఎవరూ మాట్లాడకపోతే ఎరుపు. ఒక్క సమావేశంలో మూడుసార్లు ఎర్రదీపం వెలిగితే ఆ రోజు సేవ జరగనట్టే లెక్క.

ఆమోదించిన పద్ధతుల పుస్తకం కూడా ఇచ్చారు. రెండువందల పద్నాలుగు పద్ధతులు. అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. ఎత్తంటే భయానికి ఉంది, నిద్ర పట్టకపోవడానికి ఉంది, గోళ్లు కొరుక్కోవడానికి రెండున్నాయి. వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని, తన బాధేమిటో తన నోటితో తనకే తెలిసేదాకా ఓపిక పట్టడానికి మాత్రం సంఖ్య లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా నేను చేస్తున్నది అదొక్కటే. నాలుగు వారాల్లో నా లైసెన్సు మీద విచారణ. సంఖ్య లేకపోతే లైసెన్సు లేదు.

నమోదు 2
బుధవారం

దాలినాయుడి మూడో సమావేశం.

ముందు మనిషి సంగతి చెప్పాలి. దాలినాయుడు సముద్రపు గోడలో నాలుగో తూము కాపరి. ఉప్పెన సైరన్ మోగితే చక్రం తిప్పి ఉక్కు తలుపు దించేస్తాడు. గోడ వెనకాల మా గట్టుపాలెంలో మూడు వేల ఇళ్లు ఆ తలుపుల మీద ఆధారపడి బతుకుతున్నాయి. పోయిన వేసవిలో ఉప్పెన వచ్చినప్పుడు వేళకి తలుపు దించాడు. ఊరు బతికింది. తూము అవతల జాలీకి పట్టిన చెత్త తీస్తున్న అతని జతగాడు అప్పలకొండ బతకలేదు. ప్రభుత్వం దాలినాయుడికి ఒక పతకమూ పన్నెండు సమావేశాలూ మంజూరు చేసింది.

మొదటి రోజు అతను ఏం మాట్లాడలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తెగ అవస్థ పడ్డాడు. డాబా మీద నా మునగచెట్టుంది. నాలుగు రెమ్మలు విరిచి తెచ్చి, చాటొకటి ఒళ్లో పెట్టాను. ఆకు దూస్తూ కూర్చున్నాడు. నేనూ దూశాను. అప్పటినుంచీ మాకదే అలవాటు. యాభై నిమిషాల్లో ఒక మాట వస్తే గొప్ప. కానీ రెండోసారికి భుజాలు కాస్త కిందికి దిగాయి. అది ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

ఇవాళ ఆడపడుచు ఎదురుగా ఉంది. పదిహేను నిమిషాల్లో మూడు ఎర్రదీపాలు. కింద చిన్న తెర మీద అక్షరాలొచ్చాయి: ఆరో సమావేశానికి పురోగతి లేకపోతే సేవాగ్రహీత మంచుగదికి బదిలీ చేయబడును.

మంచుగది గురించి గట్టుపాలెంలో చిన్నపిల్లకైనా తెలుసు. మూడు పూటలు సన్నటి పొగమంచులో కూర్చోబెడతారు. నొప్పేం ఉండదు. బయటికొచ్చాక పోయినవాళ్ల పేరు గుర్తుంటుంది, మనిషి గుర్తుండడు. మా వీధిలో కూతురు పోయిన ఒకావిడ వెళ్లొచ్చింది. ఇప్పుడు హాయిగా తింటోంది, నిద్రపోతోంది. కూతురి పేరు మాత్రం రేషను జాబితాలో ఎవరిదో పేరు చదివినట్టు చెబుతుంది.

దాలినాయుడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఆకు దూయడం ఆపలేదు.

"అప్పలకొండకి పెళ్లాం నేదు, పిల్లల్నేరు. ఆణ్ణి తలుసుకోడానికి నానొక్కణ్ణే ఉన్నాను. నానూ మర్సిపోతే ఆడెక్కడుంతాడమ్మా?" అన్నాడు.

ఆ మాటకి ఆడపడుచు పసుపు దీపం వెలిగించింది. దాని నెత్తి మీద చాట బోర్లించాలనిపించింది.

నమోదు 3
శనివారం

సన్యాసిరావు వచ్చాడు. ఇద్దరం ఒకే గురువు దగ్గర ఒకే పని నేర్చుకున్నాం. అతను ప్రశ్నలడిగి మార్కులు వేసే ఎనభై ఎనిమిదో పద్ధతికి మారి లైసెన్సు నిలబెట్టుకున్నాడు. నా ముందు పేజీలు చూసి తల పట్టుకున్నాడు.

"పద్ధతి సంఖ్య ఖాళీ, లక్ష్యం ఖాళీ, మార్కులు ఖాళీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా? ఏటి సుభాషిణమ్మా ఇది?"

"ఏం రాయమంటావు? ఆకు దూశాం అని రాయనా?"

"ఎనభై ఎనిమిదని రాయి. లక్ష్యం దుఃఖం తగ్గించుట. మార్కులు వారానికొకటి చొప్పున పెంచుకుంటూ పో. లోపల నువ్వు చేసేది నువ్వు చెయ్యి. ఇంట్లో గంజి తాగి, వీధిలోకొచ్చి పులిహోర తిన్నానంటే ఎవరు చూశార్లే."

"అబద్ధం ఆడమంటావు."

"నీకోసం కాదు. ఆ తూము నాయుడి కోసం. నిజం రాసి అతన్ని మంచుగదికి పంపుతావా?"

దినచర్య మూసి పక్కన పెట్టాను. వెళ్లేముందు అడిగాను, నీ దగ్గరికొచ్చేవాళ్లు ఎలా ఉన్నారని. సన్యాసిరావు చెప్పుల వైపు చూస్తూ, "మార్కులు బాగానే వస్తున్నాయి" అన్నాడు.

నమోదు 4
బుధవారం

రాశాను. పద్ధతి ఎనభై ఎనిమిది. లక్ష్యం దుఃఖం తగ్గించుట. నా అక్షరాలు నా వంకే దొంగచూపులు చూస్తున్నట్టున్నాయి.

ఎర్రదీపం వెలక్కుండా ఉపాయం కూడా దొరికింది. పద్ధతి పుస్తకంలో ప్రశ్నావళి ఉంది. దాలినాయుడు ఆకు దూస్తుంటే ప్రతి ఎనభై సెకన్లకీ ఒక ప్రశ్న పైకి చదువుతాను. అతను సరదాకి జవాబిస్తాడు.

"ఈ వారం మీ దుఃఖానికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

"మార్కులేటమ్మా, అదేటైనా పరీచ్చ రాసినాదా?"

ఇద్దరం నవ్వాం. అప్పలకొండ పోయాక అతను నవ్వడం అదే మొదటిసారనుకుంటాను. ఆ సంతోషంలో కోలుకున్న గడిలో మూడు వేశాను. వచ్చే వారం ఐదు వేస్తాను. ఆ పై వారం ఏడు. పాము చావకుండా, కర్ర విరగకుండా పన్నెండు వారాలూ గడిపేస్తే చాలు. ఈలోగా అతని లోపలున్నది దానంతటదే పైకొస్తుంది. రావడం మొదలైంది కూడా, నాకు తెలుస్తోంది.

విననియ్యని చట్టం మీద నాకు కోపముంది. కానీ ఇవాళ ఆకు దూస్తున్నప్పుడు అతని ముఖం నేను సరిగ్గా చూడలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను. అదీ రాసి పెడుతున్నాను.

నమోదు 5
కార్తీకం, గురువారం

నా చేతులు నరికెయ్యాలి.

నిన్న ఆరో సమావేశం. ఏడు మార్కులు వేశాను. ఆడపడుచు ఆకుపచ్చగా వెలిగి చక్కటి సంగీతం వినిపించింది. తెర మీద, సేవాగ్రహీత కోలుకున్నారు, మిగిలిన సమావేశాలు రద్దు, విధులకు అర్హులు అని వచ్చింది. ఏడుకి చేరితే కోలుకున్నట్టేనని పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉంది. రెండువందల పద్నాలుగు పద్ధతులూ తప్పు పట్టడానికి చదివిన నేను ఆ ఒక్క ముక్క చదవలేదు. అయినా ముందు సంతోషించాను, సిగ్గులేకుండా. మంచుగది తప్పింది కదా అనుకున్నాను.

ఇవాళ పొద్దున్న దాలినాయుడు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. మంజూరు లేని సమావేశం నేరమని అతనికీ తెలుసు.

"సోమారం నుంచి నాలుగో తూము కాడికి రమ్మన్నారమ్మా. నానెల్నేను. నా సెయ్యి ఆ సక్రం మీద పడదు."

"ఎందుకు పడదు నాయుడూ?"

ఆడపడుచు గది లోపలుంది. మేమిద్దరం గుమ్మంలో ఉన్నాం. అతను మెట్టు మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఈసారి గడియారం చూడలేదు. ఎంతసేపో తెలియదు. వీధిలో నీళ్లబండి వచ్చి వెళ్లింది.

"తలుపు దించేముందు మూడు కేకలెయ్యాల," అన్నాడు చివరికి. "మా తాత కాడ్నించీ ఉన్నాదది. బయట ఎవలున్నారహో అని కేక. కేక్కీ కేక్కీ మద్ది ఊపిరి బిగబట్టి ఇనాల. సముద్రం ఓరులో మనిసి గొంతు బేగి ఇనపడదు గదా. మూడు కేకలకీ పలుకు రాకపోతేనే సక్రం తిప్పాల. కెమెరాలు ఒచ్చినాక కేకలొద్దన్నారు. టైము దండగంట. ఆ దినం తెర మీద బయటెవరూ నేరనే ఉన్నాది. సైరన్ కొట్టేసినాది. నాను తిప్పీసినాను. జాలీ కింద కెమెరాకి అందని మూల కూకున్నాడమ్మా ఆడు. నానొక్క కేక ఏసుంటే పలికీవోడు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఇప్పుడు సక్రం మీద సెయ్యేస్తే, బయటెవులో ఉన్నారనే ఇనపడతాది. ఎన్ని కేకలేసినా సాలవు. తిప్పలేను. నాను తిప్పకపోతే ఊరు మునిగిపోతాది," అన్నాడు.

బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందని పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నారు. నేను వేసిన ఏడు మార్కులు మూడు వేల ఇళ్ల మీదికి ముప్పు తెచ్చాయి. రేపే నా విచారణ.

నమోదు 6
శుక్రవారం

విచారణాధికారి గదిలోకి వెళ్లి చూస్తే పైడిరాజు. పద్దెనిమిదేళ్ల కిందట నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నవాడు. మంచి చెవి ఉండేది. మధ్యలో మానేసి వెళ్లిపోయాడు. ఎందుకో అప్పట్లో చెప్పలేదు.

"కూర్చోండి మేడమ్," అన్నాడు. బల్ల మీద నా దినచర్య, పక్కన ఒక ఆడపడుచు. దానికి చుట్టాలు అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నారు.

పుస్తకం తెరిచి కాగితం వెనక్కి తిప్పాడు.

"మీరు పాఠం చెప్పేటప్పుడు కూడా కాగితం వెనకే రాసేవారు. అందుకని ముందు అటే చూశాను," అన్నాడు. తర్వాత గొంతు మార్చి, చట్టం ప్రకారం అడిగాడు. "ముందు పేజీల్లో ఉన్నది నిజమా, వెనక పేజీల్లో ఉన్నది నిజమా?"

అతను బల్ల మీదికి వంగాడు.

"ముందు పేజీలని అనండి. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. ఎనభై ఎనిమిదో పద్ధతిలో ఆరు వారాల్లో ఏడు మార్కులు. ఈ జిల్లాలో ఎవరికీ రాలేదు."

ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? ముప్పై ఒక్క ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఇంకో పని రాదు. అవునంటే కుర్చీ నాది. సోమవారం చక్రం ముందు దాలినాయుడు నిలబడతాడు. కాదంటే కుర్చీ పోతుంది, అతన్ని మంచుగదికి పంపుతారు, అప్పలకొండ పోతాడు. మూడో దారి కోసం ఎంత వెతికినా కనిపించలేదు. మూడో దారి ఉండేదేమో. మొదటి మూడు మార్కులు వేసినప్పుడే దాన్ని నేను మూసేశాను.

"వెనకవి నిజం. ముందు పేజీల్లో మార్కులు నేను కల్పించినవి. అతను కోలుకోలేదు. ఆ తూము దగ్గర అతన్ని పెట్టకండి," అన్నాను.

పైడిరాజు కలం మూత పెట్టాడు. అప్పుడు నాకు కోపం కట్టలు తెంచుకుంది.

"నీకు తెలుసు కదురా వినడమంటే ఏమిటో. రెండేళ్లు నా పక్కన కూర్చున్నావు. ఈ కొబ్బరిచిప్పకి ఎలా లొంగావు?"

"మా చెల్లెలు జ్ఞాపకముందా మేడమ్? నాగమణి."

జ్ఞాపకముంది. ఒకసారి మాకు తంపటేసిన వేరుశనక్కాయలు తెచ్చిపెట్టింది.

"నేను మీ దగ్గర నేర్చుకుంటున్న రోజుల్లోనే అది ఇంకొకాయన దగ్గరికి వెళ్లేది. ఆయనా మీలాగే చెప్పేవాడు. సంఖ్యలొద్దు, మందులొద్దు, వింటే చాలు అని. పదినెలలు వెళ్లింది. చచ్చిపోవాలనుందని ఆయనతో నాలుగుసార్లు చెప్పిందట. ఎవరికీ చెప్పలేదాయన. ఎక్కడా రాయలేదు. అడిగేవాడు లేడు. అప్పుడీ కొబ్బరిచిప్ప ఉండుంటే మా చెల్లెలు ఉండేది."

అతను చెప్పింది నిజం. వింటున్నానని చెప్పి వినని మనుషులున్నారు, మా పనిలోనే ఉన్నారు. నేను అతని ముఖం చూస్తూ కూర్చున్నాను. అతను కళ్లు తుడుచుకున్నాడు. బల్ల మీద ఎర్రదీపం వెలిగింది. ఇద్దరం దాని వంక చూడలేదు.

లైసెన్సు రద్దు. దాలినాయుడికి తూము పని నిలుపుదల, మంగళవారం నుంచి మంచుగది. చట్టంలో ముగింపు సమావేశమని ఒకటుందట, దానికి మాత్రం రేపు అనుమతి. ముందు పేజీలు స్కాన్ చేయించి పుస్తకం నా చేతికే ఇచ్చాడు. "వెనక పేజీల సంగతి చట్టంలో లేదు మేడమ్," అన్నాడు.

నమోదు 7
శనివారం

దాలినాయుడికి అంతా చెప్పాను. మార్కులు వేసిందీ నేనే, అవి తప్పని ఒప్పుకున్నదీ నేనే, నా మూలంగానే మంచుగది అని. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. చాట అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"తూము కాడికి పంపనేదు గదా. అది సాలు," అన్నాడు. ఆకు దూస్తూ, "అమ్మా, మంగళారానికి నాను మర్సిపోతాను. ఆణ్ణి మీ కాడ ఉంచుతాను. ఇనండి," అన్నాడు.

ఆరు వారాలు మాట పెగలని మనిషి యాభై నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. అప్పలకొండ టీలో జంతికలు ముంచుకుని తినేవాడట. ఈత రాదు, రాదని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, అందుకే కేకలేసేటప్పుడు దాలినాయుడు వేస్తే అతను కుడి చెవి సముద్రం వైపు పెట్టి వినేవాడు. దాలినాయుడి పెద్దకూతురికి ఆటలమ్మ పోస్తే పదకొండు రోజులు తూము దగ్గర ఇద్దరి పనీ ఒక్కడే చేశాడు. ఎవరి మీదైనా కోపమొస్తే మేకకి చెప్పుకునేవాడు. ఆ మేక పేరు కలెక్టరు.

యాభై నిమిషాలూ ఆకుపచ్చ దీపమే. చివర్లో పదికి పది వచ్చింది. సంగీతం మోగింది. దాలినాయుడు లేచి చాటలో ఆకు సర్ది, "కూరొండుకోండి" అని వెళ్లాడు.

నేను వెంటనే కూర్చుని ఆరు పేజీలు రాశాను. ఒక్క మాట పోనివ్వలేదు.

నమోదు 8
పుష్యం, ఆదివారం

ఇది నమోదు కాదు. నాకు లైసెన్సు లేదు, ఆడపడుచుని విప్పి తీసుకుపోయారు, బల్ల మీద నాలుగు స్క్రూ బొక్కలు మిగిలాయి. మిగిలిన కాగితాలున్నాయి కనక రాస్తున్నాను. అల్పపీడనం ఒడిశా వైపు పోయింది. నాలుగో తూముకి కొత్త కాపరి వచ్చాడు.

పొద్దున్న డాబా మీద ఆకు కోస్తుంటే కింద ఎవరో పిలిచారు. దాలినాయుడు. కాస్త ఒళ్లు చేశాడు. ముఖంలో ఏ కష్టమూ లేదు. చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

"నమస్కారమమ్మా. మీ ఇంటికొచ్చీవోణ్ణంట గదా నాను. మా ఆడది సెప్పినాది. అప్పలకొండనేసి మా జతగాడు పోయినాడంట, ఆడి సంగతులన్నీ మీ కాడున్నాయంట."

"మీకేం జ్ఞాపకం లేదా?"

"పేరున్నాది. సుకంగానే ఉన్నానమ్మా. కాని టీ తాగుతుంటే జంతిక ముంచాలనిపిస్తాది. నాకు జంతికలంటే ఇష్టం నేదు. ఎందుకనిపిస్తాదో తెలీదు. ఇంట్లో ఎవులో ఒచ్చి ఎల్లిపోయినట్టుంతాది."

నేను మెట్ల మీద నిలబడిపోయాను. లైసెన్సు లేకుండా ఒకరి బాధ వినడం నేరం. చెప్పడం మాత్రం ఏ సెక్షన్‌లోనూ లేదు. కానీ నన్ను ఆపింది చట్టం కాదు. సుఖంగా ఉన్న మనిషి. నా దగ్గరున్నది అతనికిస్తే ఆ సుఖం పోతుంది. ఒకసారి అతని మంచి కోరి, అతన్ని అడక్కుండా మార్కులు వేశాను. ఈసారి అడిగాను.

"ఆ సంగతులు వింటే నొప్పి పుడుతుంది నాయుడూ. మంచుగది తీసేసింది మళ్లీ వస్తుంది. వద్దంటే ఇప్పుడే చెప్పు."

అతను ఆలోచించాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఎక్కడుంటుందో ఎవరూ చెప్పకుండానే గోడకి తగిలించిన చాట తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

చదివాను. జంతికలు, ఈత, ఎడమ చెవి, ఆటలమ్మ, కలెక్టరు. మేక దగ్గర నవ్వాడు. ఆ తర్వాత గుమ్మం మెట్టు మీద అతను చెప్పిందంతా, మూడు కేకలతో సహా, అతని మాటల్లోనే చదివాను. చదవకుండా దాటేద్దామని వేలు పేజీ అంచు మీద పెట్టి కూడా, దాటలేకపోయాను.

అతని చేతిలో రెమ్మ ఆగిపోయింది. అలాగే కూర్చున్నాడు. తొంభై సెకన్లు దాటాయి, ఇంకో తొంభై దాటాయి, లెక్క పెట్టేవాళ్లు లేరు. నేను చేసింది మంచో చెడో ఈ క్షణానికి కూడా నాకు తెలియదు. అతని ముఖం మాత్రం చూస్తూనే ఉన్నాను. మునగాకు మీద ఒక చుక్క పడింది, తర్వాత ఇంకొకటి.

"ఒక్క కేక ఏసుంటే పలికీవోడు," అన్నాడు, తనలో తను.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఆగిన రెమ్మ మళ్లీ దూయడం మొదలుపెట్టాడు.

"ముందు నుంచి సదవండమ్మా," అన్నాడు. "జంతికల కాడ్నించి."

కాగితాలు సర్దుకుని మొదటి పేజీ తీశాను.